మా పొయ్యి సర్కారు లెక్కకెక్కిన రోజు

దేశం ఆదాయాన్ని లెక్కగట్టే పద్ధతి మళ్ళీ మారుస్తున్నారని పేపర్లో చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. నాకూ ఆ లెక్కకూ ఏం సంబంధం అని మనవరాలు నవ్వుతుంది. నేను పలక పట్టుకుని బళ్ళో కూర్చున్నది కొద్దికాలమే. తెలుగు చదవగలను, సామాన్ల చీటీ రాయగలను, అంతే. కానీ ఆ లెక్క మా ఇంటి తిన్నె మీదికి వచ్చి కూర్చున్నది. ఎవరు పనిమంతులో ఎవరు కాదో తేల్చి చెప్పి వెళ్ళింది. అందుకే మండుతుంది.

మాది ఈ పట్నంలోనే, చూలై పేటలో పాత ఇల్లు. మా ఆయన టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. మరిది వీధి వైపు గదిలో రేకు పెట్టెలు చేసే చిన్న పట్టరై, అంటే కార్ఖానా, నడిపేవాడు. పొద్దున లేస్తే సుత్తి దెబ్బలు, సాయంత్రం దాకా సుత్తి దెబ్బలే. అందులో పనిచేసే ఇద్దరికీ మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. అత్తగారు, మేము, మరిది, అతని పెళ్ళాం, పిల్లలు, పట్టరైవాళ్ళు అందరికీ వంట నాదే. పొయ్యి రాజేసేది నేను, ఆర్పేది నేను. ఆర్పిన బొగ్గులు నీళ్ళు చల్లి ఎత్తిపెట్టి మర్నాడు వాడేదీ నేనే.

నా తోటికోడలు నెల్లూరు పక్క నుంచి వచ్చిన పిల్ల. నా కంటే చిన్నది, చేతివేళ్ళు పొడుగు. వచ్చిన ఏడాదే టౌన్‌లో ఒక అంగడి నుంచి ఉద్దిపిండి ముద్ద తెప్పించుకుని అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టింది. ఒత్తి, నీడన ఆరబెట్టి, కట్టలు కట్టి పంపిస్తే అంగడివాళ్ళు కూలి ఇచ్చేవాళ్ళు. ఆ పిల్ల కూర్చుని ఒత్తుకోగలిగిందంటే వంటింట్లో నేను నిలబడ్డాను కనుక. ఈ మాట ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఒకనాడు సర్కారు ఆఫీసరు ఒకాయన సంచీ, గొడుగు పట్టుకుని వచ్చాడు. అరవాయన. తెలుగు బాగానే వచ్చు. అన్ని ఇళ్ళకూ వెళ్ళరట, అక్కడొకటి ఇక్కడొకటి ఎంచుకుంటారట. మా వీధిలో మా ఇల్లు తగిలింది. మా అత్త తిన్నె మీద నుంచి లేవకుండానే అడిగింది.

"పన్ను ఏస్తారా సామీ?"

"పన్ను లేదమ్మా. స్వతంత్రం వచ్చింది గదా. ఈ దేశంలో ఎవరు ఏ పని చేస్తారు, ఏం తయారవుతుంది, అంతా కూడి చూస్తారు. అప్పుడే దేశం ఆదాయం ఎంతో తెలుస్తుంది."

"మా ఇంటి ఆదాయమే మాకు తెలీదు. దేశానిది మీకు తెలుస్తుందా?" అన్నది అత్త. ఆయన నవ్వి కాగితాలు తీశాడు.

మగవాళ్ళ సంగతి అత్త చెప్పింది. తరువాత ఆయన నా వైపు తిరిగాడు. నేను గడప దగ్గర చేటలో బియ్యం ఏరుతున్నాను.

"నీంగ ఎన్న వేలై సెయ్యరీంగ?"

అలవాటుగా అరవంలో, మీరేం పని చేస్తారని అడుగుతున్నాడు. నేను తల వంచుకుని, "సుమ్మాదా ఇరుక్కేన్" అన్నాను.

సుమ్మా అంటే ఊరికే. ఊరికే ఉంటాను అని చెప్పాను. మా ఊళ్ళో సంసారి ఆడది పరాయి మగవాడికి చెప్పవలసిన జవాబు అదే. ఏదో పని చేస్తున్నానని చెబితే మొగుడు పోషించలేకపోతున్నాడని అర్థం. మా అమ్మ అట్లాగే చెప్పేది, మా అత్తా అట్లాగే చెప్పేది. చేటలో బియ్యం, పొయ్యి మీద ఎసరు, ఒళ్ళో పిల్ల ఉన్నా జవాబు మాత్రం సుమ్మా. అది మర్యాద మాటని ఈ పట్నంలో ఎవరికైనా తెలుసు. ఆ ఆఫీసరుకూ తెలిసే ఉంటుంది. కానీ ఆయన విన్నది విన్నట్టు రాసుకున్నాడు.

తోటికోడలికి అప్పటికింకా అరవం రాదు. సుమ్మా అనే మాట తెలిసి ఉంటే తనూ అదే అనేది. ఆయన ఆమెను తెలుగులో "మీకు ఏం పని?" అని అడిగాడు. ఆ పిల్ల చేతిలో ఉన్న అప్పడాల కర్ర పైకెత్తి చూపించింది.

"అప్పడాలు ఒత్తతా ఉండా సార్. టౌన్‌లో అంగడికి."

అంతే, ఆయన కలం పరుగెత్తింది. పిండి ఎవరు తెస్తారు, ఎంత ఒత్తుతారు, కర్ర ఎవరిది, పీట ఎవరిది అని ఎన్ని ప్రశ్నలో! నన్ను ఒక్క ప్రశ్నతో వదిలేసినవాడు ఆమె ముందు కాలు కదపకుండా కూర్చున్నాడు. చివరికి ఉండబట్టలేక అత్త చేత అడిగించాను, పెద్దకోడలికి ఏం రాశారని.

"ఇంట్లో ఉంటారు. ఆదాయం లెక్కలోకి రాదు" అన్నాడు. "చిన్నామె వస్తారు."

ఆ వేళ మొదలైంది నాకు ఈ మంట.

సాయంత్రానికల్లా మా అత్త వీధి కొళాయి దగ్గర చెప్పేసింది, "మా చిన్నకోడలు సర్కారు కణక్కులో ఎక్కింది" అని. కణక్కంటే అరవంలో లెక్క. మర్నాటి నుంచి మొదటి డికాక్షను కాఫీ ఆమెకు పోయింది. నాకు రెండోసారి నీళ్ళు పోసి దించినది. కొళాయి దగ్గరికి బిందె ఎత్తుకుని పోయే వంతు కూడా నాకే వచ్చి పడింది, చేతులు కాయలు కాస్తే అప్పడం గుండ్రంగా రాదట. మరిది ఆమెను "సర్కారు ఉద్యోగీ" అని పిలవడం మొదలుపెట్టాడు. ఆమె దానికి మురిసిపోయేది.

"అక్కా, నేను ఒత్తే అప్పడం లెక్క ఢిల్లీ దాకా పోతుందంట!" అన్నది ఒకనాడు పీట ముందు కూర్చుని.

"పోనీలే. ఢిల్లీవాళ్ళు దాంట్లోకి చారు అడిగితే నన్ను పిలువు" అన్నాను.

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ నెల ఆమె కంచంలో పప్పు పలచబడింది. అప్పుడు కందిపప్పు ధర అట్లా ఉండింది, అందరి కంచంలోనూ పలచనే. కాకపోతే గిన్నె పైన తేలే నీళ్ళన్నీ ఆమె వైపు పోయేవి.

ఆ తరువాత తెలుగు జిల్లాలు విడిపోయి వేరే రాజ్యం అయ్యాయి. మా వీధిలో కొందరు మూటలు కట్టుకుని కర్నూలనీ గుంటూరనీ వెళ్ళారు. మాది తాతముత్తాతల నాటి ఇల్లు, మేం కదలలేదు. తెలుగువాళ్ళమే, అరవ రాజ్యంలో ఉండిపోయాం. ఆ రోజుల్లోనే పాత ఆఫీసరు వేరే ఇంటికి పోతూ మా తిన్నె దగ్గర ఆగి మంచినీళ్ళు అడిగాడు. రాజ్యం రెండు ముక్కలైంది కనుక పాత మొత్తం చెల్లదని, ఈ ముక్కకు వేరుగా మళ్ళీ కట్టాలని చెప్పాడు. పైగా లెక్కగట్టే పద్ధతి కూడా సవరించారట. పాతదాంట్లో చాలా పనులు జారిపోయాయని పెద్దవాళ్ళు అన్నారట. పండగలు కాగానే మీ ఇంటికి మళ్ళీ వస్తానన్నాడు.

మా అత్తకు ఒక సందేహం వచ్చింది. "మా చిన్నది ఈడ ఒత్తుతుంది సామీ. అంగడివాళ్ళు ఆ కట్టలు నెల్లూరికి పంపిస్తారు. ఆడోళ్ళు వేయించుకుని తింటారు. ఆ అప్పడం ఇప్పుడు ఎవురి కణక్కు? ఈ రాజ్యానిదా, ఆ రాజ్యానిదా?"

"ఎక్కడ ఒత్తితే అక్కడిదమ్మా" అన్నాడు ఆయన.

"అట్లయితే మా చిన్నదాన్ని మీరు ఈడే పెట్టుకోవాల!" అని అత్త గలగలా నవ్వింది. అంటే రెండు రాజ్యాలు పంచుకోవలసిన మనిషి అన్నమాట నా తోటికోడలు! లోపల నేను చింతపండు పిసుకుతున్నాను. పిప్పి తప్ప ఏమీ మిగలనంతగా పిసికాను.

ఆయన వెళ్ళాక నిర్ణయించుకున్నాను. జారిపోయిన పనులన్నీ ఈసారి ఎక్కిస్తారట. ఈసారి నేనూ ఎక్కాలి. ఆయన ఆ తిన్నె మీద కూర్చుని నా పని ఇదీ అని కాగితం మీద రాయాలి, అది మా అత్త వినాలి, నా తోటికోడలు చూడాలి. నాకు కావలసింది అదొక్కటే.

కానీ వంట ఎక్కుతుందో ఎక్కదో నాకు నమ్మకం లేదు. అప్పడం ఎక్కడం మాత్రం కళ్ళారా చూశాను. అందుకని ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పేశాను, నేనూ అంగడి పిండి తెప్పించుకుని ఒత్తుతానని.

"మరి వంట?" అన్నది అత్త.

"వంటమనిషిని పెట్టుకుందాం."

మా ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. "అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండుసార్లు గీసేదానివి నువ్వు. వంటమనిషిని పెడతానంటా ఉండావా?"

"రెండు చేతుల కూలి వస్తుంది గదా. ఒక చేతిది ఆమెకు పోతుంది."

"పోనీండన్నా" అన్నాడు మరిది. "వదిన కూడా సర్కారు ఉద్యోగంలో చేరతానంటా ఉంది." తోటికోడలు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఆ నవ్వు చూశాక పట్టుదల ఇంకా పెరిగింది.

వంటామె కోడంబాక్కం నుంచి వచ్చేది. పొద్దున్నే రైలెక్కి ఎగ్మూరులో దిగి నడిచి వచ్చేది. ఆమె మొగుడు అక్కడ ఒక సినిమా స్టూడియోలో వంటపని చేసేవాడు. "మా ఇంటాయన సాంబారు తాగని వేషగాడు లేడమ్మా" అని మొదటి రోజే చెప్పింది. దానితోనే మగవాళ్ళ నోళ్ళు ఊరాయి.

ఆమెకు చేయి పెద్దది. తాలింపుకు గరిటె ముంచి నూనె పోసేది. ఒక ఇంగువ ముక్కను నేను వారం వాడేదాన్ని, ఆమె ఒక పూటలో కరిగించేది. నేను హాల్లో పీట ముందు కూర్చుని ఒత్తుతుంటే నా వంటింట్లో ఆవాలు చిటపటలాడే చప్పుడు వినపడేది. ఆ చప్పుడును బట్టే ఎంత నూనె పోసిందో నాకు తెలిసిపోయేది. లేచి వెళ్ళి చెబుదామంటే చేతిలో అప్పడం ఆరిపోతుంది.

పట్టరైవాళ్ళు మధ్యాహ్నం మారు అన్నం పెట్టించుకోవడం మొదలుపెట్టారు. నేను వండిననాళ్ళూ ఒక్కసారితో చెయ్యి కడుక్కునేవాళ్ళు. మా ఆయన చారు గిన్నె ఎత్తి వాసన చూసి, "స్టూడియో చారు స్టూడియో చారే" అన్నారు. పెళ్ళయినప్పటి నుంచి నా చారు గిన్నె ఎత్తి వాసన చూసిన మనిషి కాదాయన.

అప్పటిదాకా నాకు ఒక్కతే ఉండింది కుళ్ళుకోవడానికి. ఇప్పుడు ఇద్దరయ్యారు. ఎడమ పక్కన కూర్చుని ఒకతి గుండ్రంగా ఒత్తేది, వెనక గోడ అవతల ఇంకొకతి ఘుమఘుమలాడించేది.

నా అప్పడాల సంగతీ చెప్పాలి. ఇంటికి ఒత్తినప్పుడు ఒక ఉండకు వీలైనంత పెద్దది, వీలైనంత పలచనిది సాగదీయడం నాకు అలవాటు. పిండి కలిసి వస్తుంది. అంగడికీ అట్లాగే ఒత్తాను. ఆ అంగడి గుమాస్తా కట్ట విప్పి, ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూసి, "ఇవి అప్పళాలా, ఉల్లిపాయ పొరలా? దీంట్లో నుంచి నాకు ఎదురింటి బోర్డు కనపడతా ఉంది" అన్నాడట. సగానికి పైగా తిరిగి పంపాడు.

"కొంచెం మందంగా ఒత్తక్కా, నేను చూపిస్తా" అని తోటికోడలు నా చేతిలోంచి కర్ర తీసుకోబోయింది.

"నువ్వు పుట్టకముందు నుంచి ఒత్తతా ఉండా నేను. నీ పని నువ్వు చూసుకో" అన్నాను. ఆ తిరిగొచ్చినవన్నీ మా ఇంట్లోనే వేయించారు. నూనె కూడా మాదే ఖర్చు.

పండగలు అయ్యాక, అన్న మాట ప్రకారం ఆఫీసరు వచ్చాడు. ఆయన గొడుగు వీధి మలుపులో కనపడగానే నేను పీట ముందుకు జరుపుకుని, చీర చెంగు సర్దుకుని, కనపడే చోట కూర్చున్నాను. తల వంచలేదు. ఆయన అడగడం పూర్తి కాకముందే చెప్పాను.

"అప్పడాలు ఒత్తుతాను. టౌన్‌లో అంగడికి. కూలికి."

మా అత్త కళ్ళు పెద్దవి చేసి చూసింది. పరాయి మగవాడి ముందు నా గొంతు అంత గట్టిగా లేవడం ఆమె అదే మొదటిసారి వినడం. ఆఫీసరు రాసుకున్నాడు. పిండి ఎవరు తెస్తారు, పీట ఎవరిది అని ఆమెను అడిగినవన్నీ నన్నూ అడిగాడు. నేనూ అన్నిటికీ చెప్పాను. ఆ కలం కదులుతున్నంతసేపూ నా ప్రాణం చల్లగా ఉండింది. తోటికోడలి వైపు ఒక్కసారి చూశాను. ఆమె ఒత్తుకుంటున్నది, ఏ బాధా ఉన్నట్టు లేదు. అది కొంచెం నిరాశ.

అప్పుడు వంటామె గిన్నె తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చింది. ఆయన ఆమెను కూడా అడిగాడు.

"నీకేం పని?"

"వంటపని సామీ. ఈ ఇంట్లో. జీతానికి."

ఆయన అదీ రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను పీట మీద నుంచి లేచాను.

"ఆమెది లెక్కలోకి వస్తుందా?"

"వస్తుందమ్మా. జీతం తీసుకుంటుంది గదా."

"ఆ పొయ్యి మీద నేను వండినప్పుడు రాలేదే? అదే పొయ్యి, అవే గిన్నెలు, తినేదీ ఆ మనుషులే. పద్ధతి సవరించినారని మీరే అంటిరి."

"సవరించారమ్మా. ఇంట్లో తయారుచేసి ఇంట్లోనే వాడుకునే సరుకు కొన్నిటికి ఈసారి అడగమన్నారు. కానీ ఇల్లాలు ఇంటివాళ్ళకు వండి పెట్టే అన్నం అందులో లేదు. జీతం ఇచ్చి వండిస్తే ఉంది." ఆయన కలం పక్కన పెట్టి మామూలు మనిషిలా మాట్లాడాడు. "మా ఇంట్లో మా ఇంటామె వండుతుంది. ఆమెదీ నేను ఎక్కించలేదు. ఎక్కించే గడి లేదు."

"ఊరకుండవే" అన్నది అత్త. "నీది ఎక్కింది గదా, ఇంకేం కావాల నీకు?"

నిజమే, నాది ఎక్కింది. కూలికి ఉల్లిపొరలు ఒత్తే మనిషినని ఎక్కింది. పెళ్ళయి వచ్చిన మర్నాటి నుంచి నేను చేస్తున్న పని కోడంబాక్కం ఆమె పేరు మీద ఎక్కింది. ఆ సంగతి నా మనసులో సర్దుకోకముందే వంటామె మొహం ఇంత చేసుకుని నన్ను అడిగింది.

"అమ్మా, నా వంట కూడా ఢిల్లీ దాకా పోతుందా?"

తోటికోడలు నవ్వుతూ, "ఆమా, అవును, నా అప్పడం పక్కనే పోతుంది" అన్నది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఇద్దరూ నా ఇంట్లో, నా పొయ్యి వేడికి చలి కాచుకుంటున్నట్టు నిలబడ్డారు.

"ఈ పొద్దుతో సరి" అన్నాను వంటామెతో. "సాయంత్రం వంట నాదే, ఇంక రావద్దు. ఈనాటి దాకా లెక్క చూసి ఇచ్చేస్తా."

మా అత్త, "పిచ్చి పట్టిందా?" అన్నది. వంటామె బిత్తరపోయింది. ఆఫీసరు కాగితాలు సంచీలో పెట్టుకుంటున్నాడు. "ఆమెది కొట్టేయండి" అన్నాను ఆయనతో.

"కుదరదమ్మా. నేను వచ్చినప్పుడు ఆమె పనిలో ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయాలి" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

వంటామెకు ఇవ్వవలసింది ఇచ్చాను. అంగడి నుంచి తిరిగొచ్చిన అప్పడాలు ఒక కట్ట కూడా ఇచ్చాను, దారిలో విరగకుండా పట్టుకోమని చెప్పి. ఆమె గడప దాటే ముందు ఇంగువ డబ్బా ఎక్కడ పెట్టిందో చెప్పబోయింది. నా డబ్బా ఎక్కడుందో నాకు తెలుసన్నాను.

"ఎందుకక్కా అట్ల చేసినావు?" అన్నది తోటికోడలు మెల్లగా. "ఇన్నాళ్ళు దేనికోసం ఒత్తినావు మరి? మళ్ళీ ఆయన వస్తే నీది రాయడు గదా."

"రాయకపోతే పోనీ. పొయ్యి నాది."

ఆమెకు అర్థం కాలేదు. ఆమెకు ఎందుకు అర్థమవుతుంది? ఆమె పని ఆమె పేరు మీదే ఉన్నది.

ఆ రాత్రి నేనే వండాను. వంటామె డబ్బాలన్నీ అటూ ఇటూ మార్చింది, మళ్ళీ నా వరుసలో పెట్టుకున్నాను. మా ఆయన కొట్టు నుంచి వచ్చి, అత్త నోట జరిగిందంతా విని, "ఆమెను పెట్టుకుని దేశానికి ఆదాయం పెంచితిమి, మాన్పించి తగ్గిస్తిమి. మన ఇంటికి మాత్రం రెండు తూర్లూ ఖర్చే" అన్నారు. నేను పొయ్యి దగ్గరికి పోయాను. చారుకు తాలింపు పెట్టాలి. నూనె సీసా వంచి, ఎప్పుడూ ఆపే చోట ఆపబోయి ఆపలేదు. గరిటె నిండా పోశాను. ఇంగువ ముక్క కూడా పెద్దదే గిల్లి వేశాను.

కంచాల ముందు అందరూ కూర్చున్నారు. నేను వడ్డించి గోడకు ఆనుకుని నిలబడ్డాను. బాగుందా అని అడగలేదు, అడగడం నా అలవాటు కాదు. మరిది చెయ్యి ఆపకుండా తిన్నాడు. తోటికోడలు వేళ్ళు నాకింది. మా ఆయన చారు పోసుకుని తాగి, గిన్నె ముందుకు జరిపి ఇంకో గరిటె పొయ్యమన్నారు.

పోశాను. ఎవరి చారు గుర్తొచ్చి అడిగారో ఆయన చెప్పలేదు.